దివాను ఎందుకట్ల చేసిండు?

ఆ రోజుల్లో జవాబు రాని ప్రశ్నను చాయిస్‌లో వదిలేయడం మా క్లాసులో అందరికీ చేతనయ్యేది, నాకు తప్ప. ఎనిమిదింటిలో ఐదు రాస్తే చాలని కాగితం మీద అచ్చువేసి ఉన్నా, వదిలేసిన ఆ మూడూ నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉండేది. వాటి వెంట పడి, వచ్చిన ఐదింటికి టైము చాలక, మార్కులు పోగొట్టుకున్న ఘనత నాది. "దీనిది పొట్టేలు మొండితనం" అనేవాడు మా నాయన. (ఆయన గొర్లు కాసే మనిషి కాబట్టి అది తిట్టు కాదు, అనుభవం. మాడుగులపల్లి దగ్గర మా దొడ్లో ఒక పొట్టేలు మూసిన తడికను పొద్దస్తమానం కుమ్మేది. నాయన దాన్నీ నన్నూ ఒకటే చూపు చూసేవాడు.) ఆ మొండితనం వల్ల నాకు జీవితంలో మేలే జరిగిందో, కీడే జరిగిందో ఇప్పటికీ తేల్చుకోలేదు గానీ, ఇరవై రెండేళ్ల వయసులో మాత్రం దాని పుణ్యమా అని ఒక నాటకంలోని దుర్మార్గుడి మనసులో ఏముందో కనుక్కోవడానికి బయలుదేరి, నేనే దుర్మార్గురాలినై తిరిగొచ్చాను.

అప్పుడు సూర్యాపేటలో ఆడపిల్లల బి.ఎడ్. కాలేజీలో చదువుతున్నాను. హాస్టల్లో ముగ్గురికి ఒక గది. నాతోపాటు ఉన్న ఇద్దరూ చేరిన వారం రోజుల్లోనే ఒకరి నీడ ఒకరైపోయారు. ఒకమ్మాయిది కోదాడ దగ్గర పల్లె, పొలాలూ ట్రాక్టర్లూ ఉన్న ఇల్లు. ఇంకో అమ్మాయిది మిర్యాలగూడ, వాళ్ల నాన్న రైసుమిల్లులో హమాలీ. ఇద్దరూ ఒక్క పళ్లెంలో తినేవారు, ఒక్క దిండు మీద రెండు తలలు పెట్టి చదువుకునేవారు, ఒకరి చీర ఒకరు కట్టుకునేవారు. నేను మూడో మంచం. నేను మామూలుగా ఆడపిల్లలు ఉండేదానికన్నా జానెడు ఎత్తు ఎక్కువ. గొర్లను అదిలించీ అదిలించీ గొంతు కూడా బండబారిపోయింది. మెల్లగా మాట్లాడదామని నోరు తెరిస్తే పక్క గదిలో వాళ్లు "ఆఁ, ఏందే?" అని పలికేవారు. అందుకని ఎక్కువ మాట్లాడకుండా, గోడవైపు తిరిగి కూర్చుని చదువుకునేదాన్ని. నన్ను అందరూ 'టవరు' అనేవారు.

ఆ ఏడు కాలేజీల నాటక పోటీలు కోదాడలో పెట్టారు. మా తెలుగు సార్ తన గురువుగారు ఎప్పుడో రాసిన ఒక విషాద నాటకాన్ని ఇనప్పెట్టెలో నుంచి బయటికి తీశారు. (ఈ సార్ మాట మాటకీ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టేవారు. మేం ఆయన్ని కామా సార్ అనుకునేవాళ్లం.) కథ పెద్దదేం కాదు. ఒక కోట. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ కలిసి ఏలుకుంటుంటారు. వాళ్ల దగ్గర ఒక దివాను. ఆయన అన్న చెవిలో ఒక మాట, తమ్ముడి చెవిలో ఒక మాట వేసి, ఇద్దరి మధ్యా అనుమానం పెంచుతాడు. చివరికి అన్న తమ్ముణ్ని పొడిచేస్తాడు. ఆ తర్వాత నిజం తెలిసి, శవం పక్కన కూలబడి, "ఎందుకు చేశావు దివాన్?" అని అడుగుతాడు. దివాను పగలబడి నవ్వుతాడు. తెర పడుతుంది. అంతే.

ఎప్పుడూ కలిసి తిరుగుతారు కాబట్టి నా గది అమ్మాయిలిద్దరికీ అన్నదమ్ముల వేషాలిచ్చారు. కోదాడ అమ్మాయి పెద్దరాజు, మిర్యాలగూడ అమ్మాయి చిన్నరాజు. (అప్పటినుంచి వాళ్ల పేర్లు అవే అయిపోయాయి. నేనిక్కడ కూడా అలాగే పిలుస్తాను.) ఎత్తు చూసి, గొంతు విని, సార్ నన్ను దివానును చేశారు. నాకు సంతోషమే. కానీ మాటలు బట్టీపట్టడం మొదలుపెట్టిన రెండోరోజే తడిక ఎదురైంది. ఈ దివానుకు ఏం తక్కువైంది? కోటలో ఇల్లుంది, గౌరవం ఉంది, అన్నదమ్ములిద్దరూ ఆయన్ని 'బాబాయ్' అంటారు. వాళ్లు చస్తే ఆయనకు రాజ్యం రాదు, ఎవరో శత్రువు వచ్చి పడతాడు. మరి ఎందుకు చేసినట్టు? నాటకం మొత్తం మూడుసార్లు చదివాను. ఎక్కడా ఒక్క ముక్క లేదు.

"సార్, దివాను ఎందుకట్ల చేస్తడు?" అని రిహార్సల్లో అడిగాను.

"దుర్మార్గుడు, కాబట్టి, దుర్మార్గం, చేస్తడమ్మా."

"మరి దుర్మార్గుడెందుకైండు సార్?"

"దుర్మార్గం, చేసిండు, కాబట్టి."

సార్ ఎంత తృప్తిగా చెప్పారంటే, అందులో ఏదో ఉందనుకుని రాత్రి పడుకునేదాకా దాన్నే తిప్పి తిప్పి చూశాను. ఏమీ లేదు. వార్డెనమ్మను అడిగితే "తిన్నది అరగక" అంది. హాస్టల్ ఫోన్లో నాయనను అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "తోడేలు మందల పడ్డదంటె ఆకలితోటి పడ్డది బిడ్డా" అన్నాడు. "ఆకలైతే తినాలె గద నాయనా. ఈయన సంపుతండు, తింటలేడు" అన్నాను. "గట్లాంటి జంతువును నేనెన్నడు సూడలే" అని ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు కామా సార్ ఒక దారి చూపించారు (నా పీడ వదిలించుకోవడానికేనని ఇప్పుడు అర్థమవుతోంది). ఇదే నాటకంలో దివాను వేషం ఏళ్ల తరబడి కట్టిన ఒక పెద్దాయన కోదాడలో ఉన్నారనీ, బస్సు కండక్టరుగా రిటైరయ్యారనీ చెప్పి, చిరునామా రాసిచ్చారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. వచ్చిన పని చెప్పగానే పేపరు మడిచి పక్కన పెట్టి, లుంగీ సర్దుకుని లేచి నిలబడి, ముందుగా దివాను నవ్వు నవ్వి చూపించారు. ఆ నవ్వుకు పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. "అదీ!" అన్నారాయన, మార్కులు వేయించుకున్నవాడిలా.

"నవ్వు సరే సార్. ఎందుకు చేస్తడు?"

"కారణం కాగితంలో ఉండదమ్మా. మనలో ఉంటది. వెతుక్కోవాలి. నాకైతే ఒకటి దొరికింది. నాకు రావాల్సిన హైదరాబాదు బస్సు రూటు, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికిచ్చి, నన్ను పల్లె బస్సులో గంపల, కోళ్ల మధ్య నిలబెట్టారు. ఆ కోపమంతా స్టేజీ మీద తీర్చుకున్నాను."

లోపలినుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "స్టేజీ మీద తీరితే మరి ఇంటికొచ్చి నా మీద ఎందుకు అరిచేవారో అడుగమ్మా."

ఆయన విననట్టు పేపరు తీశారు. ఆ అమ్మగారు నాకు ఉప్మా పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుని, "నువ్వన్నా సరిగ్గా కనుక్కో" అని సాగనంపింది.

'మనలో ఉంటది' అన్న మాట పట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలోపల వెతకడం మొదలుపెట్టాను. కోదాడ నుంచి మునగాల దాకా వెతికాను. ఒక్క తప్పూ దొరకలేదు. ఎవరి మీదా కోపం లేదు, అసూయ లేదు, చిన్నప్పుడు మేనమామ కొడుకు పలక పగలగొట్టడం తప్ప చెప్పుకోదగ్గ నేరం లేదు. సూర్యాపేట బస్టాండులో దిగేటప్పటికి, ఇంత మంచి మనిషిని, దుర్మార్గుడి వేషం ఎలా వేయగలనా అని నిజంగానే బెంగ పట్టుకుంది.

లేనిదాన్ని తయారు చేసుకోవాలి కదా. బి.ఎడ్.లో మాకు అదే నేర్పేవారు. పాఠం రాకపోతే ముందు చిన్న పాఠం, ఐదుగురు పిల్లలకు, ఐదు నిమిషాలు చెప్పి చూడు. తర్వాత పెద్ద క్లాసుకు వెళ్లు. నేను కూడా చిన్న దుర్మార్గం ఒకటి చేసి చూద్దామనుకున్నాను. రెండు రోజులు. తర్వాత నవ్వుతూ చెప్పేస్తాను. నోటుబుక్కు వెనక పేజీలో పాఠ్య ప్రణాళిక కూడా రాశాను. (లక్ష్యం, అనుమానం నాటుట. పద్ధతి, సగం వాక్యం. ఆ పేజీ ఎన్నిసార్లు చించేద్దామనుకున్నానో. చించలేదు. ఇప్పటికీ ఉంది.) సగం వాక్యం ఎందుకంటే, దివాను నాటకంలో ఎక్కడా పూర్తిగా అబద్ధం చెప్పడు. సగం చెప్పి ఆగిపోతాడు. అది నాకు చాలా నిజాయితీగా అనిపించింది.

సాయంత్రం చిన్నరాజు తల దువ్వుకుంటోంది. పెద్దరాజు బట్టలారేయడానికి మేడ మీదికి పోయింది. నేను పుస్తకంలో నుంచి తలెత్తకుండా, "పెద్దరాజు నీ గురించి... పోనీలే, నాకెందుకు" అన్నాను.

దువ్వెన ఆగింది. "ఏమన్నది?"

"ఏం లేదు."

"చీరెల గురించా?"

నాకు చీరల సంగతి అసలు తోచనే లేదు. టీచర్లం కాబోతున్నాం కాబట్టి కాలేజీకి మేం చీరలే కట్టాలి. చిన్నరాజుకు మంచివి రెండే ఉండేవి. మిగతా రోజులు పెద్దరాజువి కట్టుకునేది. అది వాళ్లకు ఆట అనుకున్నాను నేను. లోపల ఆ పిల్లకు అది ఎంత పచ్చిపుండో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసింది. అక్కడ ఆగిపోయి ఉండాల్సింది. ఆగలేదు. "నేను చెప్పలే. నువ్వే అన్నవ్" అన్నాను. దివాను సంభాషణల్లో కూడా అంత గట్టి మాట లేదు.

మర్నాడు చిన్నరాజు తన పాత చీరే కట్టుకుంది. పెద్దరాజు నా దగ్గరికొచ్చి, "దీనికేమైందే, నాతోటి సరిగ మాట్లాడుతలేదు, నీకేమన్న చెప్పిందా?" అంది. నేను ఒక నిట్టూర్పు విడిచి, "నాకెందుకులే" అన్నాను. పెద్దరాజు మొహం మాడిపోయింది. "నాకు పొగరున్నదన్నదా? మా ఇంట్ల పొలాలున్నయని పొగరన్నదా?" ఎవరి పుండు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుందని, మనం వేలు చూపిస్తే చాలని, ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ ఇంత తొందరగా ఏదీ నేర్చుకోలేదు.

రెండు రోజులు గడిచాయి. చెప్పేయాలి. కానీ అప్పటికి ఒక విచిత్రం మొదలైంది. చిన్నరాజు మెస్సులో నా పక్కన కూర్చుని తినసాగింది. పెద్దరాజు నన్ను క్యాంటీనుకు పిలిచి చాయ్ తాగిస్తూ మనసులో మాటలన్నీ చెప్పసాగింది. ఇద్దరికీ నేను తప్ప దిక్కు లేదు. "నువ్వొక్కదానివే మంచిదానివే టవరూ" అని ఇద్దరూ విడివిడిగా అన్నారు. (సిగ్గులేకుండా విన్నాను.) పైగా రిహార్సల్సు అద్భుతంగా నడుస్తున్నాయి. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకుంటే నిప్పులు రాలుతున్నాయి. కామా సార్ బల్ల మీద చరిచి, "ఏం పగ! ఏం, పగ! ఇదమ్మా, నాకు, కావాల్సింది!" అని మురిసిపోయారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఐదు రోజులైంది.

ఆరోరోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి చిన్నరాజు మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టేసి ఉంది. పెట్టె లేదు. "చదువు బంద్ చేస్తదట. మిల్లుల సంచులు కుట్టే పనికి పోతదట. ఎంత చెప్పినా ఇనలే. మొదటి బస్సుకే పోయింది" అంది వార్డెనమ్మ. పై సోమవారం నుంచి బడుల్లో మా పాఠాలు మొదలు, రోజుకో మంచి చీర కావాలి. ఆ పాఠాలు తప్పితే ఆ ఏడు చదువంతా దండగే. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి చిన్నరాజు. ఆ సంగతి ఆమె మెస్సులో తింటూ నాకే చెప్పింది, మూడు రోజుల కిందట.

పెద్దరాజు మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. "నేనేమన్ననే? నేనేమన్న?" నోటుబుక్కు వెనక పేజీ తెరిచి ఆమె చేతికిచ్చాను. ఆమె చదివింది. లేచింది. చెంప మీద కొట్టాలని చెయ్యి ఎత్తింది గానీ, నా ఎత్తుకు అందక ఆ దెబ్బ భుజం మీద పడింది. రెండోసారి ఎత్తలేదు. "పో. తోలుకరా. అది రాకుంట నువ్వొక్కదానివే వస్తే ఈ రూముల అడుగు పెట్టకు" అంది.

ఆ మాట అనకపోయినా వెళ్లేదాన్నే. ఆ క్షణం నుంచి నాలోని పొట్టేలు వేరే తడికవైపు తిరిగింది. మిర్యాలగూడ బస్సు కిక్కిరిసి ఉంది. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి వెళ్లాను. ఎట్లా అయినా తీసుకురావాలి. రానంటే గుమ్మంలో కూర్చుంటాను. తిడితే పడతాను. వాళ్ల నాన్న కొడితే కూడా పడతాను. మిల్లుల వెనక వీధుల్లో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ వెళ్తుంటే ఉడికిన వడ్ల వాసన, గాలి నిండా తౌడు దుమ్ము. వరసగా లారీలు. వాటి మధ్యనుంచి దారి చేసుకుని ఇల్లు పట్టుకునేసరికి నా తల తెల్లబడి, పదేళ్లు పెద్దదానిలా ఉన్నాను.

చిన్నరాజు నాన్న పని దిగి వచ్చి, వాకిట్లో పీట మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. నన్ను చూడగానే, "నువ్వే గద బిడ్డా, ఆ ఎత్తు పిల్లవు? రా, కూసో. మా దాన్ని జర నువ్వన్న అడుగు. ఏమైందో చెప్తలేదు, సదువొద్దంటది. నీ మాటైతే ఇంటది, నువ్వు మంచిదానివని నిన్ననే ఫోన్ల చెప్పింది" అన్నాడు. ఆయన లేచి నాకు జరిపిన పీట మీద కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. చిన్నరాజు లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చింది. తాగకుండా, అందరిముందూ చెప్పేశాను. పెద్దరాజు ఏమీ అనలేదనీ, చీరల మాట ఆమె నోట ఎన్నడూ రాలేదనీ, అంతా నేనే చేశాననీ. నా గొంతు సంగతి తెలిసిందే కదా, పక్క నాలుగిళ్లవాళ్లు కూడా విని ఉంటారు.

చిన్నరాజు అరవలేదు. చాలా మెల్లగా, "ఎందుకు చేసినవే?" అంది.

ఆ మాట నాటకంలో వింటూనే ఉన్నాను, రోజూ. ఎవరో నన్ను అడిగితే ఇట్లా ఉంటుందని అనుకోలేదు. "నాటకం కోసం. దివాను ఎట్లుంటడో తెలుసుకుందామని" అన్నాను.

"అబద్ధం. దానికి రెండు రోజులు సాలు. ఐదు రోజులెందుకు ఊకున్నవ్?"

వీధిలో లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా టైము దొరికింది. ఆ తర్వాత దొరకలేదు. "మీరిద్దరు ఒక్క పళ్లెంల తింటరు. నేను గోడకాడ తింట. ఆ ఐదు రోజులు మీరు నా దగ్గరికొచ్చిండ్రు. గందుకే" అన్నాను. నోట్లోంచి ఊడిపడిన ఆ మాటను నేను కూడా వాళ్లతోపాటే మొదటిసారి వింటున్నాను. కోదాడ నుంచి మునగాల దాకా వెతికినా దొరకనిది, మిర్యాలగూడ వాకిట్లో, ముక్కు కారుతుండగా దొరికింది.

చిన్నరాజు నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. "నువ్వే గద గోడదిక్కు తిరిగి కూసునేది? మేమిద్దరం లొల్లి చేస్తమని నీకు పడదనుకున్నం. పిలుద్దమంటె భయమయ్యేది."

"ఎందుకు?"

"నీ గొంతుకు."

వాళ్ల నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, "నిండు బస్తా ఒక్కని వల్ల లేవకుంటె, పక్కోన్ని ఓ పట్టు పట్టురా అంటం. దాంట్ల సిగ్గేముంది బిడ్డా?" అన్నాడు. నన్నన్నాడో, కూతుర్నన్నాడో తెలియదు. ఇద్దరమూ తల దించుకున్నాం. చిన్నరాజు లోపలికి పోయి పెట్టె తెచ్చింది. "వస్త. నీ కోసం కాదు, నా సదువు కోసం. నీతోటి మాత్రం మాట్లాడ" అంది. అన్నట్టే చేసింది. బస్సులో ఆమె ముందు సీటులో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. గదిలో ఆమె, పెద్దరాజు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చారు. నేను గోడవైపు తిరగకుండా, వాళ్లవైపే తిరిగి కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. అయినా తిరిగే కూర్చున్నాను. రిహార్సల్సులో పగ మాయమైపోయి, కామా సార్ "ఏమైందమ్మా, మీ, ఇద్దరికీ?" అని జుట్టు పీక్కున్నారు.

పోటీ రోజు మధ్యాహ్నం కోదాడలో హాలు నిండిపోయింది. పాత దివానుగారూ భార్యా ముందు వరసలోనే కూర్చున్నారు. నాకు బుగ్గలదాకా వచ్చే గుబురు మీసం అంటించారు. నాటకం బాగానే నడిచింది. నా గొంతుకు మైకు అక్కర్లేదని మైకువాడే దూరంగా జరిపేశాడు. చివరి ఘట్టం వచ్చింది. చిన్నరాజు కత్తిపోటుకు పడిపోయింది. పెద్దరాజు మోకాళ్ల మీద కూలబడి, నన్ను చూసి, "ఎందుకు చేశావు దివాన్? మేము నీకేం తక్కువ చేశాం?" అంది. రెండో మాట నాటకంలో లేదు. ఆమే కలిపింది.

నేను పగలబడి నవ్వాలి. నోరు తెరిచాను. నవ్వు రాలేదు. మళ్లీ తెరిచాను. ఈసారి కన్నీళ్లొచ్చాయి, ఆపుదామన్నా ఆగకుండా. హాల్లో అంతమందీ ఊపిరి బిగబట్టి చూస్తున్న ఆ గొప్ప క్షణంలో, ఆ కన్నీళ్లకు బంక తడిసి, నా ఎడమవైపు మీసం మెల్లగా ఊడి కిందికి వేలాడింది. చేత్తో పట్టుకుని నొక్కాను. కుడివైపుది ఊడింది. అప్పుడు వినిపించింది, కిందినుంచి కిసుక్కుమని ఒక నవ్వు. చచ్చిపోయిన చిన్నరాజు పొట్ట ఎగిరెగిరి పడుతోంది. శవం నవ్వడం చూసి పెద్దరాజు ఆపుకోలేక, మొహం తమ్ముడి గుండెల మీద దాచుకుని, భుజాలు కుదిపి కుదిపి ఏడ్చినట్టు నవ్వింది. తెర వెనకనుంచి కామా సార్ "తెరదింపండ్రాబాబూతెరదింపండి" అని, జీవితంలో మొదటిసారి ఎక్కడా ఆగకుండా అరిచారు.

బహుమతి రాలేదు, రాదు కూడా. కానీ పాత దివానుగారు వేదిక వెనక్కొచ్చి, "నవ్వాల్సినచోట ఏడ్చావేంటమ్మా?" అని అడిగారు. "కారణం దొరికింది సార్" అన్నాను. ఆయన భార్య నా మూతికి అంటుకున్న వెంట్రుకలు కొంగుతో తీస్తూ, "ఇన్నేళ్లలో ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టాలనిపించిన దివానును ఇవాళే చూశాను" అంది. తిరుగు బస్సులో చిన్నరాజు తనకూ పెద్దరాజుకూ మధ్య ఉన్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను కూర్చున్నాను. సూర్యాపేట వచ్చేదాకా మేం ముగ్గురం ఇద్దరి సీటులో ఇరుక్కుని ఉన్నాం.

ఇప్పుడు ముగ్గురం మూడు ఊళ్లలో టీచర్లం. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకుంటాం. మాటల్లో ఎవరమైనా ఒక్క క్షణం ఆగితే చాలు, మిగతా ఇద్దరూ "సగంల ఆపకే, మొత్తం చెప్పు" అని మీద పడతారు. నా బడిలో కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా చివరి బెంచీలో ఒక్కతే బిగుసుకుని కూర్చుంటే నా చూపు ముందు అటే పోతుంది. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ల పొడుగు పిల్ల కూడా గుర్తొస్తుంది. ప్రశ్న చేతబట్టుకుని సార్లనూ, కండక్టర్లనూ, నాయననూ, చివరికి తోడేళ్లనూ కూడా వదలకుండా అడిగింది. పాఠ్య ప్రణాళికలు రాసింది, బస్సులు మారింది, దుమ్ములో నడిచింది. అంత దృఢ నిశ్చయం ఉన్న మనిషి, నాలుగు మందలు అదిలించగల గొంతున్న మనిషి, పక్క మంచం వాళ్లతో "నేను కూడ కూసుంట" అని రెండు ముక్కలు మాత్రం అనలేకపోయింది. పిచ్చి పిల్ల. దాని మీద కోపం రాదు నాకిప్పుడు. ఎదురుపడితే ఆ బండ గొంతు నాలుగు వీధులకు వినబడేలా దానితో ఒకసారి ఆ మాట అనిపించి, ఆ తర్వాత దాని తలలో తౌడు దులిపి పంపిస్తాను.